జరిమానాతో ముగిసిపోని కేసు

(ముస్లిం కుటుంబాల కోసం ఒక మండల కేంద్రంలో ఏర్పాటైన న్యాయ అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము న్యాయవాదులము కాము. ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. ఇప్పుడు తోటి విశ్రాంత ఉద్యోగులు కొందరితో కలిసి, ఠాణా గడప, కోర్టు గడప తొక్కవలసివచ్చిన కుటుంబాలకు తోడుగా వెళుతున్నాము. కనుక ఈనాడు మేము చెప్పబోయేది కోర్టులో వాదించడానికి పనికివచ్చే విద్య కాదు. వకీలు ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో, ఏ కాగితం మీద సంతకం చేసేముందు చేయి ఆపాలో, అంతవరకే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ముస్లింలు 14.2 శాతం. జైళ్లలో విచారణ పూర్తికాక మగ్గుతున్నవారిలో మన వాటా అంతకంటె హెచ్చని ప్రభుత్వ జైలు గణాంకాలే ఏటేటా చెబుతున్నవి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత హైదరాబాదు యువకులు ఎందరు పట్టుబడ్డారో, వారు నిర్దోషులుగా ఎలా బయటపడ్డారో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అటువంటి పెద్ద కేసులు వార్తలకెక్కుతాయి, వాటికి పెద్ద వకీళ్లూ ముందుకు వస్తారు. మా దగ్గరకు వచ్చేవి అవి కావు. బండి నిలిపే చోట తగవు, పేకాట, పెళ్లి ఊరేగింపులో కొట్లాట, గోడ హద్దు తగాదా, జేబులో దొరికిన గంజాయి పొట్లం - ఇవి. పత్రికలో నాలుగు పంక్తులు కూడా రాని ఈ చిన్న కేసులలోనే మన పిల్లల బతుకులు చడీచప్పుడు లేకుండా దెబ్బతింటున్నవి. ఎక్కడ దెబ్బతింటున్నవో తెలియాలంటే కేసును చివరినుంచి మొదటికి చూడాలి. అందుకే అరెస్టుతో కాక తీర్పుతో మొదలుపెడతాము.

ఒక కుర్రవాడి సంగతి. డిగ్రీ చదువుతుండగా వీధిలో జరిగిన తోపులాటలో అతని మీద కేసు పడింది. రెండేళ్లు వాయిదాలకు తిరిగాడు. ఒకనాడు కోర్టు వరండాలో ఎవరో పెద్దమనిషి, "ఎందుకు బాబూ ఈ తిరుగుడు? ఒప్పుకో, వెయ్యి రూపాయలు ఫైను కట్టు, కేసు పోతుంది" అన్నాడు. తండ్రికి ఆనాటి కూలి పోతున్నది, తల్లికి గుండె దడ. ఒప్పుకున్నాడు, కట్టాడు, ఇంట్లో అందరూ షుకర్ చెప్పుకున్నారు. నాలుగేళ్ల తరువాత ఒక ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ధ్రువీకరణ ఫారంలో "మీకు ఎప్పుడైనా ఏ కోర్టయినా శిక్ష విధించినదా?" అన్న గడి వచ్చింది. జైలుకు పోలేదు గదా అని 'లేదు' అని రాశాడు. పోలీసు విచారణలో పాత కేసు బయటపడింది, నియామకం రద్దయింది. అతడు అబద్ధమాడాలనుకోలేదు. ఫైను కట్టడమంటే శిక్ష పడడమేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

మెజిస్ట్రేటు ఎదుట నేరం ఒప్పుకొని జరిమానా కడితే అది నేర నిర్ధారణ. వంద రూపాయలైనా, లక్ష రూపాయలైనా రికార్డులో ఆ ముద్దాయి 'శిక్ష పడినవాడే'. హెల్మెట్ లేనందుకు ఇంటికి వచ్చే ట్రాఫిక్ చలానా వేరు, అది చెల్లిస్తే అక్కడితో సరి. మేము చెబుతున్నది న్యాయమూర్తి అడిగినప్పుడు "ఒప్పుకుంటున్నాను" అని చెప్పిన కేసు గురించి. కొట్టివేత, రాజీ, ప్రొబేషన్, జరిమానా అన్నిటినీ మనవాళ్లు 'కేసు పోయింది' అనే ఒక్క మాటతో చెబుతారు. కాగితం మీద అవి నాలుగూ నాలుగు రకాలు.

రాజీ సంగతి చూడండి. మామూలు దెబ్బలు, తిట్లు, బెదిరింపు వంటి కొన్ని నేరాలలో ఫిర్యాది ఒప్పుకుంటే రాజీ చేసుకొనవచ్చును. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్ ప్రకారం ఆ రాజీకి నిర్దోషిగా విడుదల చేసినంత విలువ ఉన్నది. పాత చట్టంలో ఇది 320వ సెక్షన్. మేము చెప్పిన కుర్రవాడి కేసు ఇటువంటిదే. ఎదుటివాడు కూడా అదే వీధివాడు. ఇద్దరినీ కూర్చోబెట్టే పెద్ద ఒక్కడుంటే, రాజీ ఉన్నదని చెప్పే వకీలు ఒక్కడుంటే, రికార్డు తెల్లగా ఉండేది. లోక్ అదాలత్ రోజున కూడా ఈ జాగ్రత్త అవసరం. అక్కడ ఫిర్యాదితో రాజీ నమోదు కావడం వేరు, అదే రోజున నేరం ఒప్పుకొని జరిమానా కట్టడం వేరు. ఏది రాస్తున్నారో అడిగి తెలుసుకొనండి. చట్టం రాజీకి అనుమతించని కేసులలో సైతం, వివాదం వ్యక్తిగతమైనదై ఇరుపక్షాలూ సమాధానపడితే, కేసు కొట్టివేయమని హైకోర్టును కోరే దారి ఉన్నది.

ఇక ప్రొబేషన్. ప్రభుత్వ నౌకరీ చేసినవారికి ఈ మాట వింటే ఉద్యోగంలో చేరిన తొలి రెండేళ్ల పరీక్షా కాలం గుర్తుకువస్తుంది. క్రిమినల్ కోర్టులో ఆ మాటకు అర్థం వేరు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద, నేరం రుజువైన తరువాత కూడా ముద్దాయిని జైలుకు పంపకుండా, సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించుకొని విడుదల చేసే అధికారం కోర్టుకు ఉన్నది. మరణశిక్షకో యావజ్జీవానికో తగిన నేరం కాకూడదు. బాండు గడువు మూడేళ్లకు మించదు. చిన్న దొంగతనాలు, రెండేళ్లకు మించని శిక్ష పడే నేరాలు అయితే, మునుపు శిక్ష పడనివారిని 3వ సెక్షన్ కింద కేవలం మందలించి కూడా పంపవచ్చును.

శిక్ష విధించే నాటికి 21 ఏళ్లు నిండనివారి విషయంలో చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. యావజ్జీవానికి తగిన నేరం కానప్పుడు, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకొని చూడకుండా, ఎందుకు జైలుకు పంపవలసివస్తున్నదో కారణాలు రాయకుండా వారికి ఖైదు విధించరాదని 6వ సెక్షన్ చెబుతున్నది. ఇక్కడ లెక్క నేరం జరిగిన రోజుది కాదు, కోర్టు శిక్ష గురించి నిర్ణయించే రోజుది. ఈ సంగతి సుప్రీంకోర్టు 1960లలోనే తేల్చింది. అంటే 19 ఏళ్లకు కేసులో ఇరుక్కున్న పిల్లవాడు వాయిదాలకు ఎగ్గొడుతూ మూడేళ్లు లాగితే, ఆ ప్రత్యేక రక్షణను తన చేతులారా పోగొట్టుకున్నట్లే. 4వ సెక్షన్ తలుపు అప్పటికీ తెరిచే ఉంటుంది గాని, అది కోర్టు విచక్షణ మీద ఆధారపడినది.

ప్రొబేషన్ దానంతట అది రాదు, అడగాలి. నేరం రుజువైందని చెప్పిన తరువాత, శిక్ష ఎంతో చెప్పేముందు, "నీవు చెప్పుకొనేది ఏమైనా ఉన్నదా?" అని న్యాయమూర్తి అడుగుతారు. ఆ ఒక్క నిమిషంలో ముద్దాయి తల వంచుకొని నిలబడితే, వకీలు ఆనాడు వేరే కోర్టులో ఉంటే, అవకాశం జారిపోతుంది. చదువుతున్న కాలేజీ పత్రం, పనిచేయించుకుంటున్న యజమాని ఉత్తరం, తల్లిదండ్రుల ఆరోగ్య పత్రాలు ముందే సిద్ధం చేసి ఇవ్వండి. అక్కడ తప్పిపోయినా అప్పీలులో కోరవచ్చును. ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చి ఇరుగుపొరుగును విచారిస్తారు. ఆయనను చూసి తలుపు వేసుకొనడం, ఊరిలో లేడని చెప్పించడం వంటివి మేము కళ్లారా చూశాము. ఆయన పోలీసు కాదు. ఆయన రాసే నివేదిక మీదనే పిల్లవాడు ఇంట్లో ఉంటాడా జైల్లో ఉంటాడా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

ప్రొబేషన్ వచ్చినా నేర నిర్ధారణ చెరిగిపోదు. అయితే 12వ సెక్షన్ ప్రకారం, ఆ నిర్ధారణ వలన చట్టరీత్యా అంటుకొనే అనర్హతలు అంటవు. ఫారంలో అడిగినప్పుడు దాచకుండా కేసు నంబరుతో రాసి, ప్రొబేషన్ ఉత్తర్వు నకలు జతచేయాలి. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు గాని, చిన్న నేరమైతే యాజమాన్యం ఉపేక్షించవచ్చునని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా అనుభవంలో ఫైళ్లను ముంచినది పాత కేసు కంటె, దాచిన పాత కేసే ఎక్కువ. బాండు కాలంలో షరతులు తప్పితే కోర్టు మళ్లీ పిలిచి అసలు నేరానికే శిక్ష వేయవచ్చును, అప్పుడు 12వ సెక్షన్ రక్షణ కూడా పోతుంది.

గంజాయి గురించి తల్లులు తప్పక వినాలి. మత్తుపదార్థాల చట్టం 33వ సెక్షన్ ఈ ప్రొబేషన్ దారిని చాలావరకు మూసివేసింది. 18 ఏళ్ల లోపువారికి, కేవలం సేవించినందుకు పెట్టే 27వ సెక్షన్ కేసు వంటి ఒకటి రెండింటికి తప్ప అది వర్తించదు. స్నేహితుడి పొట్లం జేబులో ఉంచుకున్నవాడు, తాగినవాడు మన కంటికి ఒకటే, చట్టానికి వేరు. కిలోకు లోపైతే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అక్కడ బెయిలే దుర్లభం. అయితే అలవాటు పడినవాడు తనంత తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళితే, సేవించిన కేసులోను, చిన్న పరిమాణం కేసులోను ప్రాసిక్యూషన్ నుంచి 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తున్నది. చికిత్స పూర్తిచేయాలి. పరువు పోతుందని దాచే ఇళ్లు ఈ దారిని వాడుకొనలేకపోతున్నవి.

ఇప్పుడు మొదటి రోజుకు వద్దాము. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలలో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త చట్టంలో అది 35(3) సెక్షన్. ఆ నోటీసు వస్తే పారిపోకండి. వకీలును కలిసి, చెప్పిన రోజున హాజరై, హాజరైనట్లు రుజువు ఉంచుకొనండి. హాజరు కాకపోవడమే అరెస్టుకు కారణమవుతుంది. మూడేళ్లలోపు శిక్ష పడే నేరంలో 60 దాటిన వృద్ధులను, అశక్తులను డి.ఎస్.పి. స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. స్త్రీలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితి ఉంటే మెజిస్ట్రేటు అనుమతితో మహిళా అధికారి మాత్రమే చేయాలి. సాక్షిగా విచారించాలన్నా స్త్రీలను ఠాణాకు పిలవరాదు, వారున్న చోటికే రావాలి.

అరెస్టు చేస్తే కారణాలు చెప్పాలి, ఇంటివారికి తెలియజేయాలి, ప్రయాణ కాలం మినహా 24 గంటలలో మెజిస్ట్రేటు ముందు నిలపాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. ఆ కారణాలను ఏ నేరమైనా సరే రాతపూర్వకంగా, పట్టుబడినవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉర్దూ తప్ప తెలియని మన ఆడవారికి, ఇంగ్లీషు రాని కూలీలకు ఇది చిన్న మాట కాదు. పోలీసు ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. విచారణలో రాసుకొనే వాంగ్మూలం మీద సంతకం అడగరాదు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం చేయకండి. పిల్లవాడికి 18 నిండకపోతే లాకప్‌లో ఉంచరాదు, జువైనల్ బోర్డు ముందుకు తీసుకువెళ్లాలి. కాని వయసు రుజువు చేయవలసింది కాగితమే. బడి సర్టిఫికెట్టు లేని మదర్సా పిల్లలకు మునిసిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రమే ఆధారం. రేపే వెళ్లి తెచ్చుకొనండి, కేసు వచ్చినప్పుడు కాదు.

వకీలు సంగతి. వకీలు, వకాలత్, జామీను, హాజరు, ఫిర్యాదు, రాజీ, ఖైదు - తెలుగు కోర్టులో వినిపించే ఈ మాటలలో సగం మన ఇళ్లలోని మాటలే. అయినా ఆ ఆవరణలో మనకే ఎక్కువ బెరుకు. ఠాణా బయట, కోర్టు గేటు దగ్గర "నేను మాట్లాడి పెడతాను" అనే పైరవీకారుల చేతిలో మొదటి పదివేలు పోసి, వకీలు దగ్గరకు వచ్చేసరికి చేయి ఖాళీ చేసుకుంటున్నాము. ముందు వకీలును కలవండి. పేరు, ఎన్‌రోల్‌మెంటు నంబరు అడగడం అవమానం కాదు. ఈ రకం కేసులు ఎన్ని చేశారని అడగండి. బెయిలు వరకా, విచారణ ముగిసేవరకా, అప్పీలుకు వేరేనా, జూనియర్లు, గుమాస్తా ఖర్చులు అందులోనే ఉన్నవా అని ఫీజు గురించి ముందే తేల్చుకొని దశలవారీగా చెల్లించి రసీదు తీసుకొనండి. 'గెలిపిస్తే ఇంత' అనే బేరం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. 'తప్పకుండా గెలిపిస్తాను' అన్నవారిని చూసి మేము వెనక్కి తగ్గుతాము.

వకాలత్నామా చదివించుకొని సంతకం చేయండి. కేసుకు ఉండే పదహారు అక్షరాలు, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు రాసుకుంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ మీరే చూడవచ్చును. వాయిదా తప్పితే నాన్ బెయిలబుల్ వారంటు వస్తుంది, జామీనుదారు బాండు జప్తు అవుతుంది. నమ్మకం పోతే వకీలును మార్చుకొనే హక్కు ఉన్నది. ఫీజు బాకీ ఉన్నదని ఫైలు పట్టుకొని కూర్చొనరాదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ముందు కూర్చొని మాట్లాడండి. వకీళ్లందరూ మోసగాళ్లన్న మాట మాకు నచ్చదు. ఫీజు తీసుకోకుండా మన కేసులు నడిపిన హిందూ వకీళ్లను, ముస్లిం వకీళ్లను ఈ జిల్లాలోనే ఎరుగుదుము.

డబ్బు లేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కు ఫోను చేయండి. అది ఉచితం. ఇక్కడ ఒక అపోహ ఉన్నది. మైనారిటీలమైనందువలన ఉచిత వకీలు వస్తాడని చాలామంది అనుకుంటారు. 1987 చట్టం 12వ సెక్షన్ జాబితాలో మైనారిటీ అన్న మాట లేదు. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారు అర్హులు. అంటే జైల్లో ఉన్న కొడుక్కి ఆదాయ పత్రం లేకుండానే వకీలు వస్తాడు. తలాక్ బాధితురాలైన కూతురికి తండ్రి ఆస్తి ఎంతైనా సరే వకీలు వస్తాడు. 2019 చట్టం కింద పెట్టిన మూడు తలాక్ కేసులో రాజీ కోరితే ఆ కోరిక ఆమె నోట రావాలి, మెజిస్ట్రేటు అనుమతించాలి. ఆమె మెడ మీద జమాతు చేయి వేసి రాయించే రాజీలకు మేము రాము.

బెయిలు వచ్చినా జామీనుదారులు దొరకక జైల్లోనే ఉన్నవారిని గురించి. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి పదివేల జామీను అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని తిరస్కరిస్తే, సుప్రీంకోర్టు దానిని తప్పుపట్టి వేయి రూపాయలకు తగ్గించింది. బెయిలు వచ్చిన నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంత తానుగా పరిశీలించవచ్చునని 2023 జనవరిలో కూడా చెప్పింది. కాబట్టి పూచీకత్తు తగ్గించమని పిటిషన్ వేయించండి. జామీనుకు ఇంటి పన్ను రసీదు, ఆధార్, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే స్థితిమంతుడన్న పత్రం అడుగుతారు. ఆ పత్రానికి ఎక్కడ ఆగినా మమ్మల్ని పిలవండి, ఆ బల్లలన్నీ మాకు పరిచయమే. అరవై రోజులు, పెద్ద నేరాలలో తొంభై రోజులలోగా ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఉపా వంటి ప్రత్యేక చట్టాలలో ఈ గడువు పెరుగుతుంది. గడువు దాటిన రోజునే అడగాలి, ఛార్జిషీటు పడిన తరువాత అడిగితే లాభం లేదు.

గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక మాట. కేసు కోర్టులో నడుస్తుండగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం చట్టంలో ఉన్నది. కాని 1993 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం, కేసు విచారిస్తున్న కోర్టు నుంచి విదేశ ప్రయాణానికి అనుమతి తెచ్చుకుంటే ఆ మేరకు పాస్‌పోర్టు ఇస్తారు. కాలం చెప్పకపోతే ఒక ఏడాదికి ఇస్తారు. కేసు దాచి దరఖాస్తు చేసి, పోలీసు విచారణలో పట్టుబడి, ఏజెంటుకు కట్టిన డబ్బంతా పోగొట్టుకున్న కుటుంబాలు ఈ హాలులోనే ఉన్నవి. పిటిషన్‌కు వీసా నకలు, పని ఒప్పందం జతచేయాలి. వెళ్లాక వాయిదాలకు వకీలు హాజరయ్యేలా మినహాయింపు కూడా అదే రోజున అడిగించండి.

ఇంకొక అరగంట వకీలు మిత్రులు ఇక్కడే ఉంటారు. కాగితాలు తెచ్చుకున్నవారు ముందుకు రండి. అందరి ముందు చెప్పుకొనలేని విషయమైతే, వెనుక గదిలో మా బృందంలోని సోదరీమణులు కూర్చొని ఉన్నారు.